చల్లగా ఉందన్న చేతులు

బడికి వెళ్లకుండా ఇంట్లోనే నాన్న దగ్గర చదువుకుని, ప్రైవేటుగా పరీక్షలు రాసి డిగ్రీ తెచ్చుకున్నదాన్ని. అయినా గుంటూరులో, మిరపకాయల్లో మిగిలిన పురుగుమందును పరీక్షించే ల్యాబువాళ్లు నన్ను నమ్మి పనిలోకి తీసుకున్నారు. ఇప్పటికీ ఆ గుమ్మం దాటేముందు మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

అక్కడ మాకు రోజూ కావలసింది అసిటోనైట్రైల్. చూడ్డానికి నీళ్లే, కొంచెం తియ్యటి వాసన. కారంపొడిలో పోసి కుదిపితే మందు అవశేషాలను తనలోకి లాక్కుంటుంది. నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది, ఉప్పు వేస్తే విడిపోయి పైకి తేలుతుంది. ఆ పైపొరనే మిషన్‌కి ఇస్తాం. అది చర్మంలోంచి కూడా ఒంట్లోకి దిగుతుంది. దిగి, తాపీగా సైనైడుగా మారుతుంది. మారేదాకా మనిషికి హాయిగానే ఉంటుంది.

కాయల్ని మిక్సీ పట్టే గదిలో ఒక అక్క పనిచేసేది. చేతులు మండితే మా వైపు నూనె రాసుకోవడం అలవాటు. నూనె చేతులు తగిలితే శాంపిల్ పాడవుతుందని ల్యాబులో వద్దన్నారు. గ్లౌజులేమో ఉక్కపోతకు తీసేసేది. ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి రెండు చేతులకూ తడిగుడ్డలు చుట్టుకుని కూర్చుంది. గదినిండా తియ్యటి వాసన.

"ఏంటక్కా అది?"

"మీ సీసాలోదే. కారంలో ఉన్నదంతా లాగేసిద్దని మీరేగా అనుకునేది. పొద్దుట్నుంచి తడుపుకుంటన్నా. మంట పోయి ఎంత చల్లగా ఉందో."

గుడ్డలు ఊడదీసి సబ్బుతో చేతులు కడిగించాను. "బాగానే ఉందిగా, ఇంటికి పంపండి" అన్నాడు సూపర్‌వైజరు. నేను సీసా పట్టుకుని ఆమెను ఆటో ఎక్కించాను.

ఆసుపత్రిలో సీసా మీది పేరు చదివిన డాక్టరు ఆమెను కదలనివ్వలేదు. ఆ డాక్టరు చల్లగా ఉండాలి.

"నన్ను ఇంటికి పోనీయమ్మా. అన్నం లేటయితే మా ఆయన గిన్నెలు మోగిస్తాడు" అని అక్క నవ్వింది. పొద్దు వాలేసరికి నవ్వు ఆగింది. తలపోటు, తర్వాత వాంతులు. విరుగుడు మందు సిద్ధంగా ఉంది కాబట్టి వెంటనే ఎక్కించారు. ఊపిరి కుదుటపడ్డాక నా చెయ్యి పట్టుకుంది.

"మా పిల్ల కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి తొడాలు తీస్తదిగా. పొద్దున దానికీ కాసింత పోసిచ్చా."

అక్కడికక్కడే పిల్లకు ఫోన్ చేశాను. ఎత్తింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక చేతులకు పట్టించుకుందట. ఉన్నపళంగా రమ్మన్నాను. అది వచ్చేదాకా నా నోట దేవుడి పేరు తప్ప ఇంకో మాట లేదు.

నవ్వుకుంటూ వచ్చింది.

"ఏంది పిన్నీ ఈ హడావుడి? నాకేమైందని?" అని చేతులు చాపి చూపించింది. ఎర్రదనం కూడా లేదు. తల్లి మంచం మీదనుంచి లేవబోయి లేవలేకపోయింది. నర్సు పక్క మంచం దులిపింది. పిల్ల దానిమీద కూర్చుని పైకి చూసింది.

"ఫ్యాను పెంచమను పిన్నీ. తల ఒకటే పోటుగా ఉంది."