గేరు ఆయిలు, రెండు నిమ్మకాయలు

బండి నడుపుడంటె నాకు భయం లేదు. బండి కిందికి పోవుడంటెనే భయం. ఈ ముచ్చట మా గల్లీల ఎవ్వలికి తెల్వదనుకునేటోన్ని. ఇన్నేండ్లసంది పాత పికప్ నడిపి బతుకుతున్నోడు, సైదాబాద్‌ల టెంటు సామాను ఎత్తుకొని జల్‌పల్లిల దించేటోడు, సొంత బండి కింద తలకాయ పెట్టాలంటె కాళ్లు వణుకుతయని చెప్తె నవ్వరా? అందుకె ఏ రిపేరు వచ్చినా మెకానిక్ దగ్గరికి పోయి, చాయ్ గ్లాసు పట్టుకొని దూరంగ నిలబడి, "జర మంచిగ చూడు భాయ్" అని ఉస్తాద్ లెక్క మాట్లాడేటోన్ని. పైకి పులి, లోపట పిల్లి.

ఆ ఎండకాలం గేర్లు మొండికేసినయి. రెండో గేరు ఏస్తె చాలు, కర్రుమని పండ్లు కొరికేది. మెకానిక్ బండిని ముట్టుకోకుంటనే "గేర్‌బాక్స్ దించాలన్నా" అన్నడు. "ఆయిలు చూసినవా?" అంటె "ఆయిలు కాదు" అన్నడు. చూడకుంట ఎట్ల తెలుస్తది? నాకు తిక్క లేసింది.

నిజం చెప్పాలంటె ఆయిలు నేను గూడ ఎన్నడు చూడలె. బండి అమ్మినాయిన "గేర్ ఆయిల్ పర్సోంచ్ బద్లాయా" అన్నడు, మొన్ననే మార్చిన అని. నేను తలకాయ ఊపిన. అగో, మన హైదరాబాద్‌ల పర్సోఁ అంటె మొన్ననా? నిన్నటికి ఎనుక ఎప్పుడైనా పర్సోఁయే. తాత పెండ్లి గూడ పర్సోఁయే అయింది. ఈడ పుట్టి ఈడ పెరిగినోన్ని, నేనే ఆ మాట నమ్మితి. "నీ దగ్గర చేపిచ్చుకునేదే లేదు పో, నా బండి నేనే చేస్కుంట" అని మెకానిక్ మీద అందరి ముంగట ఒర్రి వచ్చిన. ఇంటికొచ్చి కూసున్నంక యాదికొచ్చింది. గేర్‌బాక్స్ ఉండేది బండి కిందనే కద.

మా ఇల్లు సంతోష్‌నగర్ ఎనుక గల్లీల, ఆఖర్ల. గల్లీ బందయ్యేది మా ఇంటి గోడకే. అందుకె బండి మూతి గోడ దిక్కు పెట్టి నిలబెడుత, పొద్దుగాల ఎనుకకు తీస్త. గల్లీ ఎనుక దిక్కు జర వాలుంటది. హ్యాండ్ బ్రేకు పేరుకే ఉంది, పట్టది. బండి ఆగేది గేరు మీద, ఎనుక టైర్ల కింద పెట్టే రెండు రాళ్ల మీద. ఆయిలు మార్చెటప్పుడు బండి సమం జాగల ఉండాలె అని ఫోన్ల వీడియోల చెప్పిండొకాయిన. ఆయినకేం, ఇంత పెద్ద షెడ్డుంది. మా గల్లీల సమం జాగ నాలుగు కుర్చీలు ఏస్కునేటంత గూడ లేదు.

ఐతారం పొద్దుగాల షురూ చేసిన. గేరు ఏసి, రాళ్లు పెట్టి, మా అవ్వ చూస్తుంటె బండిని భుజంతోని నూకి చూపెట్టిన. "చూసినవా అవ్వా, గేర్ల ఉంది. ఏనుగొచ్చి నూకినా కదలది" అన్న. అవ్వకు ధైర్యం చెప్తున్ననో, నాకు నేను చెప్పుకుంటున్ననో. అవ్వ కొంగుల ఏందో పట్టుకొని గడప మీద కూసుంది. మా ఇంటామెను డ్రైవర్ సీట్ల కూసోబెట్టిన, నేను చెప్పినప్పుడు గేరు కడ్డీ కదపాలె గద. "బ్రేకు మాత్రం తొక్కకు. ఎనుక లైటు ఎలుగుతది, బ్యాటరీ దిగుతది. అసలే పాతది" అన్న. "ఆఁ" అన్నది.

సంచి పరుసుకొని, పక్కల్నించి కిందికి జారిన. నడుము దాక లోపట, కాళ్లు బయట. ముందటి టైరు నా తొడకు జానెడు దూరంల ఉంది. బండి ఎనుకకు కదిలిందంటె ముందుగాల ఎక్కేది నా మీదనే. ఆ మాట తలకాయల పడ్డంక ఇంకేది పడ్తలేదు. మొఖం మీద ఇంత ఇనుము, మట్టి, గ్రీజు. ఊపిరి తీస్కుంటె ఛాతి పైకి తాకుతదేమో అనిపిచ్చి చిన్న చిన్నగ తీస్కున్న.

గేర్‌బాక్స్‌కు రెండు బిరడలుంటయి. పక్కన పైకున్నది ఆయిలు పోసేది, కిందిది ఆయిలు దించేది. ముందుగాల పోసేది ఇప్పి చూడాలె. తెలివి లేనోడు కిందిది ఇప్పి ఆయిలంత పారబోసి, తర్వాత పైది రాక తల పట్టుకుంటడు. నేను పైదానికే పానా ఏసిన. అది రాలె. పానాకు ఇనుప పైపు తొడిగి గుంజిన. బండి మొత్తం కిర్రుమని ఊగింది. అయ్యో అవ్వా అనుకుంట కండ్లు మూసుకున్న. అరిచిననో లేదో తెల్వదు. పైనుంచి మా ఇంటామె "ఏమైంది?" అన్నది. "ఏం కాలె, నువ్వు ఊకో" అని కసిరిన. భయమైతె నాకు కోపమొస్తది, అదొక రోగం.

బిరడ ఇడిసింది. ఇగ కిందిది ఇప్పిన. ఆయిలా అది? నల్లగ, చిక్కగ, కాలిన వాసన. చెయ్యి మీద పడ్తె ఎండి రంగు పొడి తళుక్కుమంది. గేరు పండ్లు అరిగిన పొడి. కింద పెట్టిన తట్టల పడుతుంటె చూసుకుంట, పర్సోంచ్ అన్నాయినను నోటికొచ్చినట్లు తిట్టిన. తిడుతుంటె జర ధైర్యమొచ్చింది.

అప్పుడే ఎనుక దిక్కు చూసిన. పక్కింటి గోడకు పెట్టిన స్టీలు బిందె మీద ఎర్రగ ఎలుగు. "ఏయ్, బ్రేకు మీద కాలు పెట్టినవా? తియ్యి!" అని ఒర్రిన. "ఆఁ" అన్నది. ఎలుగు పోలె. "చెప్తె సమజ్ కాదా? బ్యాటరీ దిగుతది, కాలు తియ్యి!" మల్ల "ఆఁ" అన్నది. ఇంతల తట్ట నిండొచ్చింది, జరపకపోతె నా చెవుల పడేటట్లున్నది. బ్రేకు సంగతి మర్చిన.

అవ్వ పాదాలు కనిపిచ్చినయి ఎనుక టైర్ల కాడ. ఒక పక్క వంగింది, మల్ల ఇంకో పక్కకు పోయింది. గరగరమని ఏదో నేల మీద జరిగిన సప్పుడు. ముసలామె ఊకె కూసోదు, ఊడుస్తున్నట్లుంది అనుకున్న.

కిందిది బిగిచ్చి, చేతి పంపుతోని కొత్త ఆయిలు నింపిన. తేనె రంగుల ఉంది. పై బెజ్జంల నుంచి చుక్క కారంగనే నిండినట్లు. బిరడ బిగిచ్చిన. అయిపోయింది! మస్తు ఖుషైంది. బయటికి రావాలె గద? రాలె. గేరు మెత్తగ పడుతుందో లేదో ఈడికెల్లే ఇందామని ఆత్రం. "గేరు న్యూట్రల్ల పెట్టి, కడ్డీ అటీటు తిప్పు" అని కేకేసిన.

ఆమె రెండు చేతుల్తోని గుంజినట్లుంది. లోపట ఠక్కుమంది. బండి ఎనుకకు ఏలెడంత జరిగి ఆగింది. టైరు నా లుంగీ అంచును తొక్కింది.

రాయి జారిందా ఏంది అని మెడ తిప్పి చూసిన. ఎనుక టైరు కింద రాయి లేదు. ఆ జాగల పచ్చటి నిమ్మకాయ ఉంది. రెండో టైరు దిక్కు చూసిన. ఆడ గూడ నిమ్మకాయే.

గేరు లేదు. రాళ్లు లేవు. హ్యాండ్ బ్రేకు ఎట్లాగు లేదు. మరి ఈ బండి దేని మీద ఆగింది?

అరిస్తె సీట్ల కూసున్నామె ఉలిక్కిపడి ఏం జేస్తదో. మడిమలు నేలకు ఆనిచ్చి బయటికి జరుగుదామంటె వీపు కింద ఆయిలు, జారుతుంది గని కదుల్త లేను. దేవుడా, ఒక్క నిమిషం, ఒక్క నిమిషం ఆపు, మల్ల ఎన్నడు రాను ఈ కిందికి. చిన్నపిల్లగాని లెక్క ఏడ్పొచ్చింది నాకు. లుంగీ అంచు చింపుకొని, మోచేతులు దోక్కపోంగ, ఎట్లనో బయటపడ్డ. పడంగనే ఉరికిపోయి, గోడకు పెట్టిన రెండు రాళ్లు తెచ్చి టైర్ల కింద కొట్టిన.

అవ్వ ఎనుకనే వచ్చింది. "అయ్యో బిడ్డా, నిమ్మకాయలు జరిపితివేంది? దిష్టి తీసి పెట్టిన. రాయి అడ్డముంటె కాయ టైరుకు తగుల్తదా?"

"రాయి ఎందుకు తీసినవే అవ్వా!" అని ఒర్రిన.

"నువ్వే అంటివి గద, గేర్ల ఉంది, ఏనుగు నూకినా కదలదని. నువ్వు కింద పన్నవని నాకు గుండె దడదడ అంటుండె, అందుకె పెట్టిన."

డ్రైవర్ దిక్కు తలుపు తీసిన. మా ఇంటామె స్టీరింగు పట్టుకొని, సీటుకు వీపు ఆనిచ్చి, రెండు కాళ్లతోని బ్రేకు తొక్కి కూసుంది. మొఖమంత చెమట.

"ఇగ ఇడువు," అన్న.

"నువ్వు బయటికొచ్చినవా?"

"నీ ముంగటనే ఉన్న గద."

అప్పుడు ఇడిసింది. కాళ్లు తిమ్మిరెక్కి దిగరాలె, నేనే పట్టి దించిన. రాళ్ల సంగతి ఆమెకు తెల్వనే తెల్వదు. నిమ్మకాయలు చూపెట్టి చెప్తె అట్లనే గడప మీద కూలబడ్డది.

"రెండుసార్లు ఒర్రితి గద కాలు తియ్యమని. ఎందుకు తియ్యలె?" అన్న.

కొంగుతోని మొఖం తుడుసుకుంది. "పెండ్లైనప్పటిసంది చూస్తున్న," అన్నది. "మెకానిక్ బండి కిందికి పోంగనే నువ్వు చాయ్ గ్లాసు పట్టుకొని దూరం జరుగుతవు. నీకు భయమని నాకు తెల్వదా?"