పైడిపాలెం సెంటర్లో అడగరాని ప్రశ్న

జోగేశ్వరరావు గేదెనైనా మీరు అనే పిలుస్తాడని పైడిపాలెంలో పేరు. రోడ్డుకి అడ్డంగా పడుకున్న గేదె దగ్గరికి వెళ్ళి, "కాస్త పక్కకి జరుగుతారాండి, బస్సొస్తోంది" అంటాడు. గేదె జరుగుతుంది కూడా. ఓసారి తన పెరట్లోనే కొబ్బరికాయలు దింపుతున్న దొంగ కనబడితే, "జాగ్రత్తండి, ఆ చెట్టుమీద కందిరీగలున్నాయి" అని నిచ్చెన పట్టుకున్నాడట. దొంగ సిగ్గుపడి కాయలన్నీ వలిచి అరుగు మీద పెట్టి పోయాడంటారు. వలవలేదు, ఊరికే కుప్ప పోశాడని కొందరంటారు. ఆ తగువు ఇంకా తేలలేదు.

ఆ ఊళ్ళో ఆయన నువ్వు అనేది ఒక్క భార్యని. ఆవిడ పేరు సత్యలక్ష్మి. సెంటర్లో రోడ్డు వారగా రేకుల పాకలో పెసరట్ల హోటల్ ఆవిడది. పాతికేళ్ళ కిందట తన చేత్తో మట్టి మెత్తి వేసిన పొయ్యిమీదే ఇప్పటికీ పెనం కాలుతోంది. అరవై రెండేళ్ళ జోగేశ్వరరావు పొలం కౌలుకిచ్చేసి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. కూర్చోవడం వరకే ఆయన పని.

ఈమధ్య ఆ రోడ్డు ఎదిగిన పిల్లాడి చొక్కాలా బిగుతైపోయింది. మండపేట మిల్లుల బియ్యం లారీలు, కాలేజీ బస్సులు, పొలాల్లో లేచిన లేఅవుట్లకి ఇటుకలు మోసే ట్రాక్టర్లు. సాయంత్రం పూట మేనకోడలి పెళ్ళికని రోడ్డు దాటబోయినవాడు ఆ పిల్ల సీమంతానికి అవతలికి చేరుతున్నాడు. అందుకని దాన్ని హైవే చెయ్యాలన్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఎన్ని బళ్ళు తిరుగుతాయో, ఎంతమంది ఉంటారో ఇప్పుడే అంచనా కట్టి ప్లాన్ గియ్యాలట. ఆ సర్వే చేయించడానికి హరిచందన అనే ఇంజినీరమ్మాయి వచ్చింది. నిడదవోలు పిల్ల. పెసరట్టు తింటూ జోగేశ్వరరావు మర్యాద చూసి ముచ్చటపడింది.

"అంకుల్, మీరడిగితే ఎవరైనా బండాపుతారు. ఓ వారం మాతో ఉండండి. ఎక్కణ్ణుంచి వస్తున్నారు, ఎక్కడికి వెళ్తున్నారు, ఈ రెండూ అడిగి ట్యాబ్‌లో నొక్కడమే."

"దానిదేముందండి," అన్నాడాయన.

మర్నాడు మెరిసే జాకెట్ తొడుక్కుని రోడ్డుమీద నిలబడ్డాడు. ముందుగా స్కూటర్ మీద ఒక జంట ఆగింది. ఎక్కణ్ణుంచి అని సుఖంగానే అడిగాడు. రెండో ప్రశ్న గొంతులోనే ఉండిపోయింది. శుభమా అని బయల్దేరిన మనిషిని ఎక్కడికి అని అడుగుతారా ఎవరైనా? చిన్నప్పుడు ఆ మాట అన్నందుకే వాళ్ళమ్మ నెత్తిమీద మొట్టింది. పెద్దలు నేర్పినట్టే అడిగాడు.

"దూరమాండి?"

"అబ్బే, ఇక్కడికేనండి."

పక్క ఊరికి అని నొక్కాడు. వెనకే త్రిమూర్తులు లారీ వచ్చింది. రోజూ సత్యలక్ష్మి దగ్గర నాలుగట్లు తిని ఒడిశాకి బియ్యం తోలే డ్రైవరు.

"దూరమాండి?"

"ఆయ్, ఇక్కడికేనండి."

త్రిమూర్తులు వెళ్ళేది ఒడిశా అని జోగేశ్వరరావుకీ తెలుసు. కానీ మనిషి నోటితో చెప్పిన మాటని కాదనడం మర్యాద కాదు. అదీ పక్క ఊరే అయింది.

రెండోరోజు సాయంత్రం హరిచందన ట్యాబ్ చూసి కళ్ళు నులుముకుంది. "ఇదేంటంకుల్? ఈ రోడ్డుమీద దూరం వెళ్ళేవాళ్ళే లేరా?"

"అందరూ ఇక్కడికేనన్నారండి."

ఏమడిగాడో చెప్పాడు. ఆ అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది.

"దూరం పోయే బళ్ళు ఎక్కువుంటేనే ఊరి వెనక బైపాస్ వేస్తారంకుల్. అందరూ ఇక్కడిక్కడే తిరుగుతుంటే ఈ రోడ్డునే వెడల్పు చేస్తారు." అంటూ పాక వైపు చూసింది. "చేస్తే ఆంటీ పొయ్యి ఉండదు. ఈ రెండ్రోజులవీ తీసేస్తాను. రేపట్నుంచి సరిగ్గా అడగండి."

మర్నాడు గుండె చిక్కబట్టుకుని అడిగాడు. ముందు కారులోంచి జరీకండువా పెద్దమనిషి దిగాడు. "మీకు బుద్ధుందాండి? మావాడి పెళ్ళిచూపులకి వెళ్తుంటే ఎక్కడికి అంటారా?" అని కారు వెనక్కి తిప్పించాడు. ఇంకో ఇద్దరూ అలాగే తిరుగుముఖం పట్టారు. జోగేశ్వరరావు ట్యాబ్ చంకలో పెట్టుకుని పాకలోకి వచ్చాడు.

"నావల్ల కాదు సత్యా. నలుగురి ప్రయాణాలు చెడగొట్టి మన పొయ్యి నిలబెట్టుకోలేను."

సత్యలక్ష్మి అట్టు తిరగేసింది. "ఏవండీ, ఎవరైనా ఎక్కడికి అంటే మీ అమ్మ ఏం చేసేదో గుర్తుందా?"

"కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి బయల్దేరేది."

"మరి కూర్చోబెట్టండి."

రెండు బల్లలు, ఓ నీళ్ళబిందె రోడ్డు పక్కకి వచ్చాయి. "తప్పు నాదేనండి, కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళండి. ఇంతకీ ఎక్కడికండి?" అని జోగేశ్వరరావు చేతులు కట్టుకునేవాడు. చేతికి గ్లాసిచ్చి కూర్చోబెట్టాక గోదావరి జిల్లా మనిషి ఒక్క ఊరిపేరుతో ఆగుతాడా? ఎందుకు వెళ్తున్నాడో, అక్కడ తోడల్లుడు ఎలాంటివాడో, అన్నీ వచ్చాయి. త్రిమూర్తులు కూడా ఒడిశా అని ఒప్పుకున్నాడు. మధ్యాహ్నానికి బళ్ళ వరస మండపేట దాకా పాకిందనీ, చివరనున్నవాళ్ళు ముందు పెళ్ళిభోజనాలనుకుని చదివింపుల కవర్లు తీశారనీ చెబుతారు.

"అంకుల్, ఊరిపేరు చాలు," అంది హరిచందన ట్యాబ్ చూస్తూ. "పెళ్ళికొడుకు జీతం అక్కర్లేదు."

నాలుగు నెలలకి పంచాయతీ ఆఫీసులో మ్యాప్ పెట్టి ఊరందరికీ చూపించారు. ఎర్రగీత ఊరి వెనక చేలమీదుగా పోయింది. సెంటర్‌ని ముట్టుకోలేదు. జోగేశ్వరరావు ఊపిరి పీల్చుకుని భార్య వైపు చూశాడు. ఆవిడ ఇంకా మ్యాప్‌నే చూస్తోంది.

"అమ్మాయ్, అది పడితే ఈ లారీలు ఎటు పోతాయి?"

"బైపాస్ మీదుగానే ఆంటీ."

"త్రిమూర్తులు కూడానా?"

హరిచందన తలూపింది. జోగేశ్వరరావుకి ఆ లారీలన్నిటినీ తనే సాగనంపినట్టనిపించింది. "అడక్కుండా ఉండాల్సింది," అని గొణిగాడు.

"బాగుంది. లారీల కోసం పాక పోగొట్టుకుంటామా?" సత్యలక్ష్మి మ్యాప్‌కి దగ్గరగా జరిగి లేఅవుట్ల మీద వేలు పెట్టింది. "ఇరవై ఏళ్ళకి ఇక్కడ ఎంతమందుంటారో మీ దగ్గర అంచనా ఉందన్నావుగా?"

"ఇప్పటికి మూడింతలు ఆంటీ."

"వాళ్ళు రేకుల కింద కూర్చోరు. ఫ్యాన్లు కావాలంటారు." ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "స్లాబు వేయించండి. ఇంకో రెండు పెనాలు పెడదాం."

"ఇరవై ఏళ్ళకి నాకు ఎనభై రెండొస్తాయే."

"గల్లా దగ్గర కూర్చోవడానికి అదేం ఎక్కువ కాదు," అంది సత్యలక్ష్మి.