నాయన బండి, అవ్వ మజ్జిగ

ఎవరైనా మోటారుసైకిల్ హ్యాండిల్ నొక్కి స్ప్రింగు పరీక్షిస్తుంటే నాకు నాయన బండి గుర్తొస్తుంది. తెల్లదొర అమ్మేసిన ఆ పాత బండి కడప దారిలో రాయి కనబడితే ఎగిరేది. కంటికి పొర కమ్మినా, కడప ఆసుపత్రికి బండెక్కమంటే అవ్వ మొండికెక్కేది.

నాయన ముందు చక్రం ఫోర్కుకు మెత్తటి స్ప్రింగు బిగించాడు.

“ఇప్పుడు ఉయ్యాల మాదిరి ఉండాది, ఎక్కుమా!”

“మజ్జిగ ముంత పట్టుకొని కూచుంటా. చుక్క తొణికిందా, కడపకు రానప్పా!”

ఊరి చివరిదాకా పోయొచ్చారు. చుక్క తొణకలేదు. స్ప్రింగుకు ఆముదం పూసింది నేనే కాబట్టి గెలుపులో సగం నాదేనని ఊరంతా చాటాను. మర్నాడే అవ్వ కడపకు బయలుదేరింది.

ముంత పందెం రోజు బండి దిగిన అవ్వ పైపెదవి మీది తెలుపును దారి దుమ్మనుకున్నాను. కొడుకు ఓడిపోకూడదని మొదటి గతుకులోనే సగం ముంత తాగేసిందని అర్థం కావడానికి, నాకూ ఒక కొడుకు పుట్టాల్సి వచ్చింది.