వాగు దాటి వచ్చిన అత్తగారి ఊరు

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్లే కాలం అది. ఎనభైల చివర వరంగల్లులో ఒక సర్కారు ఆఫీసులో ఊళ్ల పటాలు గీసే నక్షల సెక్షన్లో నాకు కొత్తగా కొలువు. ఆ గదిలో ఏసీ పెట్టింది ఆ యంత్రం కోసమే. అయినా ఎండాకాలం వస్తే యంత్రం మీద మా భక్తి ఎందుకో పెరిగేది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సారు ఒక ప్రోగ్రాం తెచ్చాడు. పెద్ద నక్షలు దానికి మేపితే, తాలూకా అంతా ఒక్క కాగితంలో ఇమిడే చిన్న నక్ష చేసి ఇచ్చేది. చిన్న కాగితంలో వంకరలన్నీ పట్టవు కనుక బాటలనూ వాగులనూ ఇస్త్రీ చేసినట్టు సాపు చేసేది (ఆయనకు మేం ఇస్త్రీ సారు అని పేరు పెట్టుకున్నది అందుకే). అది పనికొస్తుందో లేదో తేల్చి రిపోర్టు రాయడం నా పని. భూపాలపల్లి అడవి మీద పరీక్షిస్తే అద్భుతంగా వచ్చింది (అడవిలో అడిగేవాళ్లెవరు?). ఇక మానుకోట వైపు, అదే మహబూబాబాదు వైపు, పరీక్షించాలి. సరిగ్గా అప్పుడే అటు ఒక ఊళ్లో నాకు పెళ్లి కుదిరింది.

"ఇంకేంది, నక్ష పట్టుకొని మేం గూడ పెండ్లి బస్సుల వస్తం. లగ్గమూ అయితది, పరీక్షా అయితది" అన్నాడు మా పెద్దసారు.

శ్రావణమాసం. మా జనగామ నుంచి సార్లిద్దరితో సహా బస్సు బయల్దేరింది. పెళ్లిచూపులు జనగామలోనే పిల్ల మేనమామ ఇంట్లో అయ్యాయి కనుక ఆ ఊరు నేను చూడలేదు. బస్సు మొత్తంలో చూసినవాడు మా బాపు ఒక్కడే. మానుకోట దాటాక బాట రెండుగా చీలే చోట డ్రైవరు బస్సు ఆపాడు.

"బ్రిడ్జి దిక్కు పోవాలె బిడ్డా" అన్నాడు బాపు.

"బ్రిడ్జి ఎందుకు బాపూ? నక్షల ఊరు వాగు ఇవతలనే ఉన్నది."

"మొన్న నేను పోయినప్పుడు వాగు దాటినట్టే ఉండెగదరా?"

"ఇది కంప్యూటరు చేసిన నక్ష బాపూ."

బాపు డ్రైవరు వైపు తిరిగాడు. "నేనే మర్సిపోయి ఉంట. పోనియ్యి తమ్మీ. మా పిలగాడు కంప్యూటర్ల చూసిండు." కొడుకు మీది గర్వంతో ఆయన తన రెండు కళ్లనూ కాదనుకున్నాడు.

కొంతసేపటికి ఊరు కనిపించింది. వాగు అవతల. మధ్యలో ఎర్రటి కొత్తనీళ్లు. మా దిక్కు మగపెళ్లివాళ్లను పొలిమేరలో ఆపి, షర్బతు తాగించి, గులాలు పూసి గానీ ఊళ్లోకి రానివ్వరు. ఆ ఎదుర్కోళ్ల కోసం బ్రిడ్జి దగ్గర కాచుకున్న ఆడపెళ్లివాళ్లు మా హారన్ విని, బ్యాండుతో సహా అవతలి గట్టు వెంట ఉరికి వచ్చారు.

"బావా! గాడేం జేస్తున్నరు?" అని అక్కడి నుంచి నాకు కాబోయే మామ కేక.

"మీ ఊర్లనే ఉన్నం బావా! నక్ష చూసుకో!" అని ఇక్కడి నుంచి మా బాపు.

"మల్ల బ్రిడ్జి దిక్కు తిరిగొస్తే లగ్గం దాటుతది! ఇది తప్పితే ఇగ దసరా పోయినంకనే అంటున్నడు పెండ్లి చేసే అయ్యగారు!"

బస్సులో మా మేనత్త నిట్టూర్చింది. "గా పిల్లను కంప్యూటరుకే ఇచ్చి చెయ్యమనున్రి."

ఇస్త్రీ సారు నక్షను బానెట్ మీద పరిచాడు. అసలు వాగు మా వైపు ఒక పెద్ద వంపు తిరిగి, ఊరిని తన కడుపులో పెట్టుకొని పోతుంది. ప్రోగ్రాం వంపు తీసేసి వాగును నిటారుగా గీసింది. ఊరి చుక్కను మాత్రం ఉన్నచోటే ఉంచింది. దాంతో ఊరు వాగు దాటి ఇవతల పడింది. ఆయన చాలాసేపు చూసి, "ప్రోగ్రాంలో దోషం లేదు. వాగే అవసరానికి మించి తిరిగింది" అన్నాడు. పెద్దసారు తలూపాడు.

చివరికి అవతలి గట్టు నుంచి ఎడ్లబండి నీళ్లలోకి దిగింది. నన్నూ బాపునూ సార్లిద్దరినీ ఎక్కించారు. మిగతావాళ్లతో బస్సు బ్రిడ్జి దిక్కు తిరిగింది. ఎదుర్కోళ్లు కానిదే ఊరి మట్టి తొక్కొద్దని మామ పట్టు. అందుకని మా బావమరిది నడుములోతు నీళ్లలో నిలబడి షర్బతు గ్లాసులు పైకి అందించాడు. గులాలు సగం నా మొహానికి, సగం వాగుకు. అంతలో చక్రం గుంతలో పడి, అందరికంటే ముందు నక్ష తడిసింది.

లగ్గం మాత్రం దాటలేదు. తలంబ్రాలు పోస్తూ ఆమె మెల్లగా అడిగింది, "మా ఊరిని వాగు దాటిచ్చింది మీరేనా?"

"నేను గాదు, ప్రోగ్రాం. నేను పరీక్ష చేసేటోన్ని."

"మరి పాసైందా?"

రిపోర్టులో పాసయింది. ప్రోగ్రాంకు వంక పెట్టే ధైర్యం లేక వాగుకు పెట్టాం. వంపులు తీసే ముందు వాటి ఒడిలో ఊళ్లున్నాయేమో చూడాలని నేనొక వాక్యం రాశాను గానీ, రిపోర్టును సాపు చేస్తూ పెద్దసారు దాన్నీ తీసేశాడు.

ఆమె ఇప్పటికీ అంటుంది, "పెండ్లిపిల్ల బయటికి పోవద్దన్నా గట్టు మీదికొచ్చి చూసిన. మీరు తల ఎత్తితేగా!" నిజమే. బాసింగం ఒక చెవి మీదికి జారింది, పట్టుపంచె మోకాళ్లెక్కింది, అప్పటి నేననే ఆ పిల్లవాడు మాత్రం వాగు నడుమ బండిలో నిలబడి, తడిసిన నక్షను రెండు చేతులా ఎండకు పట్టి ఆరబెడుతున్నాడు. ఇన్నేళ్లకు ఆ బండిలో వాడి పక్కన నిలబడే వీలుంటే, చెవిలో ఒక్కమాట చెప్పివద్దును. ఒరేయ్, గా కాగితం జర కిందికి దించురా. గట్టు మీద నవ్వుతున్నది ఆమెనే.