అవ్వ గూట్లోని పిడుగురాయి

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలోని మా ఇంట్లో, గోడ గూట్లో, ఒక పిడుగురాయి ఉండేది. అరచేతిలో ఇమిడేంత రాయి. ఒక కొస సన్నగా, ఇంకో కొస వెడల్పుగా, నల్లగా, నున్నగా ఉండేది. పిడుగు పడినప్పుడు ఆకాశం నుంచి అలాంటి రాయి నేలలోకి దిగుతుందని మా అవ్వ చెప్పేది. మా నాయనకు ఒక అన్న ఉండేవాడు. నేను పుట్టకముందే, ఇంకా మీసాలు సరిగా రాని వయసులో, దొర్నిపాడు దగ్గరున్న మా చేన్లో పిడుగు పడి చనిపోయాడు. మర్నాడు అతను పడిపోయిన చోట మట్టిలో ఈ రాయి కనిపించిందట. ఆ రాయే తన కొడుకు ప్రాణం తీసిందని అవ్వ నమ్మకం.

చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి రాళ్లు దొరికితే కొందరు పసుపు రాసి పూజించేవాళ్లు. పిల్లలకు దగ్గు పట్టుకుంటే వాటిని కడిగిన నీళ్లు తాగించేవాళ్లు. మా అవ్వ మాత్రం ఆ రాయిని ఎవరికీ ఇచ్చేది కాదు. పారేసేది కూడా కాదు. మబ్బు పట్టి ఉరిమితే చాలు, చేతిలో పని వదిలేసి గూటి దగ్గరికి పోయి నిలబడేది. నీ కడుపు ఇంకా నిండలేదా అని దాన్ని తిట్టేది. వాన వెలిసేదాకా అక్కడి నుంచి కదిలేది కాదు. ఆదివారం చర్చిలో పక్కవాళ్లకు కూడా వినపడనంత మెల్లగా పాడే మనిషి, ఆ రాయి ముందు మాత్రం గొంతెత్తేది. మాకది అలవాటైపోయింది. ఉరిమితే అవ్వ తిడుతుంది, అంతే.

మా నాయనకు ఒక చెల్లెలు కూడా ఉంది. మా అత్త. ఆమె నంద్యాలలో ఒక మిషన్ బడిలో సైన్సు టీచరు. తొంభైల మొదట్లో ఒక ఏడు క్రిస్మస్ అయిపోయాక, మిగిలిన సెలవులకు నన్ను తన దగ్గరికి తీసుకుపోయింది. అప్పుడు నేను ఐదో తరగతి. మా అత్త ఇంట్లో వంటగదికీ ప్రయోగశాలకూ పెద్ద తేడా ఉండేది కాదు. మందారపూల రసంలో నిమ్మకాయ పిండి రంగు మార్చేది. సీసా మూతి మీద ఒలిచిన గుడ్డు పెట్టి, చేత్తో ముట్టకుండా దాన్ని లోపలికి పంపించేది. ఎందుకలా అయిందో వెంటనే చెప్పేది కాదు. నన్నే ఆలోచించమనేది.

ఒకరోజు మధ్యాహ్నం తలుపులు, కిటికీలు మూసి గది చీకటి చేసింది. ప్లాస్టిక్ షీటును ఉన్ని శాలువాతో గట్టిగా రుద్దింది. గాజుగ్లాసును పిడిలా కొవ్వొత్తి మైనంతో అంటించిన స్టీలు పళ్లేన్ని దాని మీద పెట్టి, ఒకసారి వేలితో తాకి, గ్లాసు పట్టుకుని పైకి లేపింది. నన్ను వేలు దగ్గరికి తెమ్మంది. చిటుక్కుమని ఒక నీలం నిప్పురవ్వ నా వేలి మీదికి దూకింది. ఆకాశంలో మెరుపు కూడా ఇదేనని చెప్పింది. తర్వాత తడిమట్టి ముద్దలో ఒక మేకు నిలబెట్టి, పళ్లెం దాని పైకి తెచ్చింది. రవ్వ మట్టి మీద ఎక్కడా పడకుండా నేరుగా మేకు తలమీదే పడింది. ఎత్తుగా ఏదుంటే మెరుపు దాన్నే వెతుక్కుంటుందని, అందుకే ఉరుములప్పుడు చెట్టు కింద నిలబడకూడదని చెప్పింది. చెప్తూ చెప్తూ ఎందుకో ఆగిపోయి, కిటికీ తెరిచేసింది. నేను ఇంకోసారి చేద్దామంటూ గోల చేస్తున్నాను. ఆమె ముఖం చూడలేదు.

మర్నాడు తన బడికి తీసుకుపోయింది. ఎవరో పాతకాలం దొరగారు పోగుచేసిన వస్తువులతో అక్కడొక గది ఉండేది. దాన్ని మ్యూజియం అనేవాళ్లు. సీసాల్లో పాములు, తుప్పుపట్టిన కత్తులు, అరిగిపోయిన నాణేలు, నల్లమల చెంచుల విల్లు. ఒక అద్దాల పెట్టె ముందు నా కాళ్లు ఆగిపోయాయి. లోపల వరసగా మా అవ్వ రాళ్లు. ఒకటి కాదు, పెట్టె నిండా. కొత్త రాతియుగం నాటి గొడ్డళ్లు అని పక్కన చీటీ ఉంది. ఆళ్లగడ్డలో శిల్పులు పనిచేసే కొట్టాల ముందు నుంచే నేను రోజూ బడికి పోయేదాన్ని. మనిషి చేత్తో అరగదీసిన రాయి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఇంట్లో రోజూ చూసే రాయిలో అది ఎందుకు కనిపించలేదా అని ఆశ్చర్యపోయాను.

ఇది మన అవ్వ రాయే కదా అని అడిగితే, అత్త అవునంది. వేల ఏళ్ల కిందట ఇక్కడ బతికిన మనుషులు వీటికి కర్ర పిడి బిగించి చెట్లు నరికేవాళ్లని, దున్నేటప్పుడు ఇప్పటికీ చేన్లలో బయటపడుతుంటాయని చెప్పింది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "అవ్వతో ఈ సంగతి నువ్వు చెప్పొద్దు పాపా. ఎప్పుడన్నా నేనే చెప్తాలే" అంది. నేను తల ఊపాను. ఎందుకు చెప్పకూడదో ఆమె చెప్పలేదు. మంచి సంగతి కాబట్టి తనే ముందు చెప్పాలనుకుంటోందని నేను అనుకున్నాను. బస్సులో ఆళ్లగడ్డకు తిరిగి వస్తున్నంతసేపూ నాకొకటే ఆరాటం. ఆ సంగతి ముందుగా చెప్పేది నేనే కావాలి.

ఇల్లు చేరిన మర్నాడే అవ్వను వడ్లు పోసుకునే గదిలోకి లాక్కుపోయి తలుపు మూశాను. షీటు, శాలువా, పళ్లెం, మట్టిముద్ద, మేకు అన్నీ సిద్ధం చేసుకున్నాను. నేను ఇంకొకటి కూడా సొంతంగా చేర్చాను. మేకు పక్కన మట్టితో చిన్న మనిషి బొమ్మ చేసి నిలబెట్టాను. అత్త కంటే బాగా చేస్తున్నానని నా గర్వం. రవ్వ మేకు మీద పడగానే అవ్వ ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది కూడా. మెరుపు అంటే ఇదేనని, రాయి ఏదీ పడదని, గూట్లో ఉన్నది పాతకాలపు గొడ్డలని, నంద్యాలలో అలాంటివి పెట్టెడు ఉన్నాయని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. అవ్వ మేకు వైపే చూస్తోంది.

"ఈ మేకేంది?"

"అది చెట్టు అవ్వా. మెరుపు చెట్టు మీదనే పడతాది. కింద ఉండే మనిషి చచ్చిపోతాడు. అందుకే చెట్టు కిందికి పోకూడదు."

"బయట చేన్లో ఉంటే?"

"వంగి కూర్చుంటే చెట్టు కింద కంటే మేలంట. అత్త చెప్పింది."

అవ్వ చెయ్యి చాపి, మేకు పక్కనున్న మట్టిబొమ్మను రెండు వేళ్లతో మెల్లగా తీసి, దూరంగా గచ్చు మీద పెట్టింది. తలుపు తీసుకుని బయటికి పోయింది. ఆమె కూడా నాతో ఆట ఆడుతోందనుకున్నాను.

ఆ పూట అవ్వ అన్నం తినలేదు. మర్నాడు కూడా గోడవైపు తిరిగి పడుకునే ఉంది. ఒంట్లో బాగాలేదేమోనని నాయన అడిగితే, నేనే సంబరంగా జరిగిందంతా చెప్పాను. నాయన నన్ను కొట్టలేదు. కసరనూ లేదు. కాలువ గట్టు దాకా నడిపించుకుపోయి, నా పక్కన కూర్చున్నాడు.

"మీ పెద్దనాయనకు జరమొచ్చి అప్పుడే తగ్గింది పాపా. అందరం చేన్లో ఉండాం. వాన మొదలైతానే మీ అవ్వ, తడిస్తే మళ్లా జరమొస్తాది, చెట్టు కిందికి పో అని కేకేసింది. వాడు పోనన్యాడు. తిట్టి పంపింది. మేమంతా గోనెసంచులు కప్పుకొని చేన్లోనే కూర్చున్యాం. మాకేం కాలేదు."

ఆయన అంతకంటే చెప్పనక్కర లేకపోయింది. మట్టిబొమ్మను నిలబెట్టింది నా చేతులే. నా చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లంగా మడతల్లో దాచుకున్నాను. ఇన్నేళ్లూ ఆ రాయి మోస్తున్న నేరాన్ని నేను ఒక్క పూటలో దాని మీది నుంచి తీసి అవ్వ నెత్తిన పెట్టాను.

కొన్నాళ్లకు అవ్వ లేచింది. రాయిని తువ్వాల్లో చుట్టుకుని, "నంద్యాలకు పోవల్ల. నా కండ్లతో చూడల్ల" అంది. నాయన ఎంత వద్దన్నా వినలేదు. నన్ను కూడా రమ్మంది. బస్సులో ఆమె పక్కన కూర్చుని, దారి పొడుగునా ఆమె ఒడిలోని తువ్వాలు మూట వైపే చూశాను. మమ్మల్ని బడి గేటు దగ్గర చూడగానే అత్తకు అర్థమైపోయింది. నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అది నాకు మరీ కష్టంగా ఉండింది.

అద్దాల పెట్టె మీద అవ్వ తన రాయిని పెట్టి, లోపలి రాళ్లలో ఒక్కొక్కదానితో పోల్చి చూసింది. వేలితో దాని అంచు తడిమింది. ఆమె చూపు పెట్టె మీద నుంచి కూతురి మీదికి మళ్లింది.

"నీకు తెలుసునా ఇది?"

"తెలుసమ్మా."

"ఎప్పట్నుంచి?"

"చదువుకునేటప్పట్నుంచి."

"చెట్టు సంగతి?"

అత్త తల వంచుకుంది. "అదీ తెలుసు. ఎట్లా చెప్పేదమ్మా నీకు?"

మా అత్త పాఠం చెప్పేటప్పుడు గది మొత్తం ఆమె గొంతుతో నిండిపోయేది. అలాంటి మనిషి ఆ పెట్టె పక్కన చిన్నపిల్లలా నిలబడి ఏడ్చింది. తను రోజూ పిల్లలకు చూపించే గదిలోకి కన్నతల్లిని ఒక్కసారి కూడా ఎందుకు తీసుకురాలేదో నాకప్పుడు తెలిసింది. అవ్వ కూతురి కళ్లు కొంగుతో తుడిచింది. బయల్దేరేటప్పుడు అత్త రాయిని తువ్వాల్లో చుట్టి ఇవ్వబోతే అవ్వ తీసుకోలేదు.

"ఈడనే ఉండనీ. దాన్ని తిట్టేదానికి ఇంక నాకు నోరు రాదు."

అటు తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అవ్వ మామూలుగానే వండేది, నాకు జడ వేసేది. నేను మాత్రం, బడిలో ఏం నేర్చుకున్నావని ఆమె అడిగితే, ఏం లేదనేదాన్ని. నాకు తెలిసిన ప్రతి విషయం ఇంకెవరి మీద పడి ఏం చేస్తుందోనని భయం.

ఆ ఎండాకాలం చివర్లో తొలివానలకు ముందు, చేను బాగుచేయించడానికి దొర్నిపాడు పోయినప్పుడు అవ్వ నన్ను కూడా వెంట తీసుకుపోయింది. మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. గాలి లేచింది. ముళ్లకంప ఏరుతున్న కూలివాళ్లు నలుగురూ గట్టు మీది వేపచెట్టు కిందికి పరుగెత్తారు. అవ్వ కొంగు నడుముకు చుట్టి వాళ్ల వెనకే పోయింది. బయటికి రమ్మంది. వాళ్లు నవ్వారు. తడిసిపోతామన్నారు. ఈమెకేమైందని ఒకామె విసుక్కుంది.

"నా పెద్దకొడుకును చెట్టు కిందికి తోలింది నేనే" అంది అవ్వ. "జరమొస్తాదని తోలినా. పిడుగు పడి ఆడనే పోయినాడు. రాండి బయటికి."

ఆ మాట ఆమె నోటి నుంచి అందరి ముందు రావడం అదే మొదటిసారి. గొంతు పెంచలేదు. చర్చిలో పాడే గొంతుతోనే చెప్పింది. వాళ్ల నవ్వు ఆగిపోయింది. ఒకరి తర్వాత ఒకరు బయటికి వచ్చారు. అందరం పల్లంగా ఉన్న చోట దూరందూరంగా, తలలు వంచుకుని కూర్చున్నాం. వాన మా వీపుల మీద దబదబా కొట్టింది. దూరంగా ఎక్కడో ఉరిమి, మబ్బు అలాగే గడివేముల వైపు వెళ్లిపోయింది. వేపచెట్టుకు ఏమీ కాలేదు. ఊరికే తడిశామని ఒకాయన గొణిగాడు.

బస్సు కోసం రోడ్డు దాకా నడిచి వస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. తప్పయిపోయిందవ్వా అన్నాను. అవ్వ నా జడలోని నీళ్లు పిండింది.

"నువ్వు చెప్పకపోతే ఈపొద్దు వాళ్లను నేనే చెట్టు కింద కూర్చోబెట్టుందును" అంది. కాస్త దూరం పోయాక మళ్లీ తనే అంది: "తప్పు నీది కాదులే. నాదీ కాదంటాడు మీ నాయన. ఎవరిదో ఒకరిది అయ్యుంటే బాగుండు అనిపిస్తాది పాపా. ఊరికే పోయినాడంటే మనసు ఒప్పుకోదు."

అవ్వ పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది. ఉన్నన్నాళ్లూ మబ్బు పడితే చాలు, గట్లెంబడి తిరిగి మనుషుల్ని చెట్ల కింద నుంచి లేపుతూనే ఉండింది. కొందరు విన్నారు, కొందరు తిట్టారు. ప్రతిసారీ కొడుకు సంగతి మొదటినుంచి చెప్పుకోవలసి వచ్చేది. ఆమె అలా చెప్పడం విన్నప్పుడల్లా నాకు గచ్చు మీద ఒంటరిగా నిలబడిన మట్టిబొమ్మే కళ్ల ముందు కనిపించేది. ఆమె నన్ను క్షమించిందని తెలుసు. దానివల్ల నా బరువు కొంచెమే తగ్గింది.

నిజం చెప్పడం తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు. అత్తలాగా దాచి ఉంచడం మేలని కూడా అనుకోలేదు. కానీ ఆ రోజు వడ్ల గదిలో నా మాట ఎవరి చెవిన పడిందో చూడకుండా, నా ప్రయోగం బాగా కుదిరిందన్న సంబరంలో అవ్వను ఒంటరిగా బయటికి పోనిచ్చాను. ఆమె వెంట వెళ్లి పక్కన కూర్చుని ఉండాల్సింది. అది ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

తర్వాత నేనూ సైన్సు టీచర్నే అయ్యాను. జుట్టు సగం నెరిసింది. ఏటా మెరుపుల పాఠం వస్తుంది. పిల్లలు పళ్లెం చుట్టూ మూగుతారు, రవ్వ చూసి కేరింతలు కొడతారు. చెట్టు కింద నిలబడకూడదని చెప్తాను, ఎందుకో వివరంగా చెప్తాను. గంట కొట్టాక మాత్రం వెంటనే లేచిపోను. పుస్తకాలు సర్దుకుంటున్నట్టు కుర్చీలోనే ఉంటాను. ఒక్కోసారి ఎవరో ఒక పిల్ల అందరూ పోయేదాకా ఆగి, బల్ల దగ్గరికి వచ్చి, పిడుగు పడి పోయిన వాళ్ల చిన్నాన్న సంగతో, పక్కింటాయన సంగతో మెల్లగా మొదలుపెడుతుంది. ఎవరూ రాని రోజులే ఎక్కువ. అయినా కూర్చుంటాను.