దిష్టిబొమ్మకు కొత్త అంగి

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజుల్లో మా సిరిసిల్ల చౌరస్తాలో తరచూ తెలంగాణ ద్రోహుల దిష్టిబొమ్మలు తగలబెట్టేవాళ్లం. వాటికి తొడగడానికి ఇంటింటా పాత బట్టలు అడిగేవాళ్లం.

పక్కింటి అక్క మొగుడు జగిత్యాలలో ధర్నా అని చెప్పి కోరుట్లలో ఇంకొకామె దగ్గరికి పోయేవాడు. ఆ సిగ్గులేని మనిషి సంగతి మా వాడకంతా తెలుసు. ఒకసారి అక్క, ఆ కోరుట్ల ఆమె కొనిచ్చిన కొత్త పూల చొక్కానే మాకు తెచ్చిచ్చింది.

చౌరస్తాలో బొమ్మను చూడగానే అతను లబోదిబోమన్నాడు. "గది నా అంగి!"

"ద్రోహికి మంచిగనే సరిపోయింది గద" అంటూ అక్క అతని చేతిలో అగ్గిపెట్టె పెట్టింది. "దినాం ధర్నాలకు పోతవు, నువ్వే అంటువెట్టు."

అందరి ముందు కాదనలేక అంటించాడు. కోరుట్ల దాకా వినపడాలని మేం గొంతు చించుకుని "డౌన్ డౌన్" అన్నాం.