ముప్పై మూడు దగ్గర విప్పుకున్న వేళ్లు

కొలనులో నీళ్లు వెచ్చబెట్టే మిషన్లు బిగించే ఆయన్ని అందరూ నిదానం అంటారు. అసలు పేరు నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. యాభై దాటిన మనిషి. చొక్కా జేబులో పెన్సిలు, భుజాన పాత రెక్సిన్ సంచి. మా గుమ్మం తొక్కిన మొదటిరోజే ఆయన్ని గెంటేయబోయాను. ఇప్పుడు ఆయన్నెవరైనా ఒక్క మాటంటే ఊరుకోను. ఈ రెండిటికీ మధ్య గట్టిగా పదకొండు రోజులు.

నేను ఇరవై ఎనిమిదేళ్లు బస్సు కండక్టరుగా చేశాను. "దిగేవాళ్లు త్వరగా దిగండి" అన్న గొంతు రిటైరయ్యాక కూడా నన్ను వదల్లేదు. మా ఆయన టైల్స్ మేస్త్రీ. పెద్ద పెద్ద ఇళ్ల ఈతకొలనులకు పలకలు పరిచిన చేతులు ఆయనవి. ప్రతి ఇంట్లో మిగిలిపోయినవి నాలుగేసి తెచ్చుకుని, మా పెరట్లో పన్నెండు అంగల కొలను కట్టుకున్నాడు. ఒక పలకకీ ఇంకో పలకకీ పొంతన ఉండదు. నీలం పక్కన పసుపు, పసుపు పక్కన చేపబొమ్మ. ఆ చేపకి తోక లేదు, తోక ఎవరింట్లోనో ఉండిపోయింది. అతుకుల బొంతలా ఉందని నేను వెక్కిరిస్తే, "నీళ్లు పోస్తే అంతా ఒకటేలేవే" అనేవాడు. పొద్దున్నే అందులో ఓ అరగంట ఈదితే గానీ కాఫీ ముట్టేవాడు కాదు.

ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మాట తిరిగొచ్చింది. చెయ్యి సగం వచ్చింది. ఎడమకాలు మాత్రం మొండికేసింది. వేళ్లు పిడికిలి బిగించినట్టు లోపలికి ముడుచుకుపోయాయి, గిచ్చినా తెలిసేది కాదు. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి "నీళ్లలో నిలబెట్టండమ్మా, ఒంటి బరువు తెలియదు, కాలు కదులుతుంది" అంది. ఇంట్లోనే కొలనుంది, ఇంకేం కావాలి! మర్నాడే మా తమ్ముణ్ణి సాయం పిలిచి దింపేశాను. నీళ్లు చల్లగా ఉంటాయన్న ధ్యాసే లేదు నాకు. ఆ చలికి కాలు కర్రలా బిగుసుకుపోయింది. మనిషి గిలగిల్లాడిపోయాడు. తన చేత్తో కట్టుకున్న కొలనులో నా భుజం పట్టుకుని ఏడ్చాడు. అంతా నా తొందర వల్లే.

ఆ తర్వాత రెండు నెలలు పెరటివైపు కిటికీ కూడా తియ్యనివ్వలేదు. బతిమాలగా బామాలగా ఒక్క మాటన్నాడు. "ఇంకొక్కసారి దిగుతా. చలేసిందంటే ఇక జన్మలో అడగొద్దు." ఆయన మాటంటే మాటే. నాకున్నది ఆ ఒక్కసారే.

అలాంటి సమయంలో, నీళ్లు వెచ్చబెట్టించాలని నేను కబురు పెడితే వచ్చాడు నిదానం. వచ్చి కొలను గట్టున చతికిలబడి, నీళ్లలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. పది నిమిషాలైంది, ఇరవై అయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమండీ, ధ్యానమా? ఉన్నవాటిల్లో పెద్ద మిషన్ పెట్టండి, రేపటికల్లా పెట్టండి. అంతే!"

"దిగేది ఎవరమ్మా?"

"మా ఆయన."

"ఒకసారి ఆయన్ని చూడొచ్చా?"

"వెచ్చబెట్టాల్సింది నీళ్లనండీ, ఆయన్ని కాదు!"

"నీళ్లకేముందమ్మా, వాటికి చలీ తెలియదు, వేడీ తెలియదు" అని లేచి చేతులు తుడుచుకున్నాడు.

వెళ్లిపొమ్మనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా లోపలికెళ్లి మా ఆయన ముందు పీటేసుకుని కూర్చున్నాడు. ఓ బేసిన్ అడిగాడు, చన్నీళ్లు అడిగాడు, పొయ్యి మీద గిన్నెడు నీళ్లు కాచమన్నాడు. సంచిలోంచి పొడుగాటి గాజు థర్మామీటరు తీశాడు. మా ఆయన పాదాలు రెండూ బేసిన్‌లో పెట్టించి, గరిటెడు గరిటెడు వేడినీళ్లు పోస్తూ, చేత్తో కలుపుతూ మొదలుపెట్టాడు.

ఇరవై తొమ్మిది డిగ్రీల దగ్గర మా ఆయన "బాగుంది, చాలు" అన్నాడు. నిదానం ఆపలేదు. ఇంకో గరిటె పోశాడు.

"బాగుందని ఆయనే చెప్తుంటే వినరేం?" అని లేచాను.

ఆయన తలెత్తలేదు. "ఆ మాట కుడికాలిదమ్మా. నేను ఎడమకాలు ఏమంటుందా అని చూస్తున్నాను."

ముప్పై. ముప్పై ఒకటి. గదిలో గరిటె చప్పుడు తప్ప ఏమీ లేదు. ముప్పై రెండు. ముప్పై మూడు దగ్గర ముందు చిటికెనవేలు వదులైంది. తర్వాత దాని పక్కది. ఏడు నెలలుగా నేను నూనె రాసి, పట్టి లాగి, తిట్టి, దణ్ణం పెట్టినా రాని వేళ్లు ఒక్కొక్కటే విప్పుకుని బేసిన్ అడుగున పరుచుకున్నాయి. మా ఆయన తన కాలిని పరాయి మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. నిదానం గాజు మీద తన మైనపు పెన్సిలుతో చిన్న గీత గీసుకున్నాడు.

"ఇంకో రెండు డిగ్రీలు పోస్తే ఇంకా బాగుంటుందేమో?" అన్నాను. నా బుద్ధి ఎక్కడికి పోతుంది!

అప్పుడు గరిటె కింద పెట్టాడు. "మా అమ్మకి షుగరమ్మా. పాదాలకి స్పర్శ పోయింది. ఒకరోజు డ్యూటీకి టైమైపోతోందని గబగబా నీళ్లు తోడి కాళ్ల మీద పోశాను. వేడి సరిపోయిందా అంటే, హాయిగా ఉందిరా అంది. బొబ్బలు తేలాక గానీ నేను చూసుకోలేదు. ఆ పుండు మానలేదు. చివరికి కాలు తీసేశారు." "అంతకుముందు నన్ను అందరూ తుఫాను అనేవాళ్లు" అన్నాడు.

వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చాను. అసలు నాలాంటి దాన్ని ఎవరైనా నోరు మూయించడమే వింత.

గ్యాసు మిషన్ వద్దన్నాడు. అది గబగబా కాస్తుంది గానీ ఎప్పుడో ఓసారి దిగేవాళ్లకే బాగుంటుందట. రోజూ దిగే మనిషికి వేడి చుట్టపుచూపుగా వచ్చిపోతే కుదరదు, కాపురం ఉండాలి అన్నాడు. గాలిలోంచి వేడి లాగి నీళ్లకిచ్చే హీట్ పంపు తెచ్చాడు. పెరట్లో సిమెంటు దిమ్మె పోసి, మట్టం చూసి, ఫ్యాను ముందు గాలి ఆడేలా దాన్ని నిలబెట్టాడు. ఫిల్టరు నుంచి పైపు దానిలోకి, దానిలోంచి కొలనులోకి కలిపాడు. కరెంటుకి వేరే లైను లాగాడు. మిషన్ నడవగానే ఫ్యాను ముందు చెయ్యి పెట్టి చూద్దును గదా, మంచులాంటి గాలి!

"ఇదేంటండీ, చల్లగాలి కొడుతోంది, పాడైందా?"

"గాలిలో ఉన్న వేడి నీళ్లకి పోయిందమ్మా. మిగిలిన చలిని బయటికి వదులుతోంది."

ముక్కున వేలేసుకున్నాను. మన చుట్టూ ఉన్న ఈ వట్టి గాలిలో మా ఆయన కాలికి సరిపడా వేడి ఉందా! ఇన్నాళ్లూ ఆ గాలిలోనే కదా తిరిగాను.

కొలను మీద మందపాటి బుడగల కవరు పరిచి, "ఇది తియ్యకండి. వేడి నీటి పైనుంచే ఎగిరిపోతుంది. నాలుగు రోజులు పడుతుంది" అని చెప్పి వెళ్లాడు.

నాలుగో రోజు వచ్చి చూస్తే మిషన్ మీద అంకె ముప్పై దగ్గర కూర్చుంది. పైపులు తడిమాడు, ఫ్యాను చూశాడు. గట్టు మీద తడి చూశాడు. తర్వాత తాపీగా అడిగాడు.

"అమ్మా, మీ ఇంట్లో అన్నం వండేది ఎవరు?"

"నేనే."

"ఉడికిందో లేదోనని ఎన్నిసార్లు మూత తీస్తారు?"

నా మొహం మాడిపోయింది. "గంటకోసారి తీశానండీ. చెయ్యి పెట్టి చూద్దామని."

ఆయన నావైపే చూస్తున్నాడు.

"సరే, అరగంటకి. రాత్రిళ్లు కూడా."

"మిషన్ మీద అంకె కనిపిస్తోంది కదమ్మా?"

"అంకెను నమ్మి ఆయన్ని దింపమంటారా? చలేస్తే? నాకు ఇంకో అవకాశం లేదండీ!" అన్నాను. ఆయన ముందు ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చేశాను.

కోప్పడతాడనుకున్నా. కోప్పడలేదు. "నేనూ అంకెను నమ్మనమ్మా. అందుకే బేసిన్ అడిగాను" అన్నాడు. "ఎల్లుండి పొద్దున వస్తాను. మూత ఇద్దరం కలిసి తీద్దాం. అప్పటిదాకా మీ చేతులకి వేరే పని చెప్పండి."

ఆ రెండు రోజులూ ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ ఉతికాను.

అన్న మాట ప్రకారం వచ్చాడు. చెరో పక్కా పట్టుకుని కవరు చుట్టాం. పొద్దుటి చల్లగాలిలో నీళ్ల మీంచి పల్చటి ఆవిరి లేచింది. ఆ ఆవిరి కింద నీలం, పసుపు, తోకలేని చేప, అన్నీ మెరుస్తున్నాయి. నీళ్లు పోస్తే అంతా ఒకటే అన్న మాట నిజమే, ఇన్నేళ్లూ ఒప్పుకోలేదు గానీ. నిదానం ఆ గాజు థర్మామీటరే ముంచి తీశాడు. పెన్సిలు గీత దగ్గర సరిగ్గా ఆగింది.

మా ఆయన్ని తమ్ముడూ నేనూ చెరో రెక్కా పట్టి మెట్లు దింపాం. మోకాళ్లు, నడుము, ఛాతీ. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చలేస్తోందా అని అడిగే ధైర్యం నాకు లేదు. గట్టు మీద బోర్లా పడుకుని నిదానం ఎడమ పాదాన్నే చూస్తున్నాడు. నేనూ చూశాను. వేళ్లు విప్పుకుని పలకల మీద ఆనాయి.

మా ఆయన భృకుటి ముడిపడింది. ఆయన రెక్క ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"ఇక్కడో పలక లేచిందే" అన్నాడు.

"ఎక్కడ?"

"కాలి కింద. అంచు గుచ్చుకుంటోంది."

"ఏ కాలి కిందండీ?" అని అడిగాను.

కళ్లు తెరిచి కిందికి చూసుకున్నాడు. ఎడమ పాదం బొటనవేలు చేపబొమ్మ పలక అంచు మీద ఉంది. నిదానం లేచి కూర్చుని చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

మా ఆయన ఆ వేలితోనే అంచుని ఇంకోసారి తడిమి చూశాడు. మేస్త్రీ బుద్ధి పోదుగా. "ఏ దద్దమ్మ పరిచాడు దీన్ని?"

"మీరే మహానుభావా!" అన్నాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

"ఒక్కటే లేచిందో, పక్కవీ లేచాయో ఇప్పుడు తెలియట్లేదు. రేపు మళ్లీ దిగి చూడాలి" అన్నాడు మా ఆయన.

"చూద్దురుగాని, తొందరేం లేదు" అన్నాను. నా నోటెంట ఆ మాట రావడం అదే మొదలు.